పావు వంతు ఇసుక: మల్కాజిగిరి రీఫ్ ట్యాంకు డైరీ

ఫిబ్రవరి 9, 1వ రోజు

సముద్రపు చేపలనూ పగడాలనూ పెంచబోయే ట్యాంకు ఇవాళ స్టాండు ఎక్కింది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచు దాకా పోస్తే 190 లీటర్లు పడుతుంది. రాళ్లూ ఇసుకా పోగా 150 లీటర్ల నీళ్లు ఉంటాయని లెక్క వేసుకున్నాను. మల్కాజిగిరిలో మాది రెండో అంతస్తు. బరువు దూలం మీద పడేలా గోడవారగా, పడమటి ఎండ తగలని మూలన పెట్టించాను.

ఈ డైరీలో చేపల కంటే ఇసుక గురించే ఎక్కువ ఉంటుంది. ఇంతకుముందు చిన్న ట్యాంకు ఒకటి నడిపాను. చేపలు బాగానే ఉండేవి. ఇసుక మాత్రం ఏడాది తిరక్కుండానే పైన ఎర్రటి జిగురు కట్టి, కింద నల్లబడి, కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసేది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆక్సిజన్ అందని అడుగు పొరలో మురికి పేరుకుని కుళ్లితే పుట్టే విషవాయువు అది. చివరికి ఆ ట్యాంకును తీసేశాను. ఈసారి ఇసుకను మొదటి రోజు నుంచే కనిపెట్టుకుని ఉండాలని నిశ్చయించుకున్నాను.

రాళ్లు కృత్రిమమైనవి కొన్నాను. గట్టి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటి అస్థిపంజరాలతో ఏర్పడిన రాయి కూడా నాకు వద్దు. పెంచబోయేవి మెత్తటి జాతులే: జోవాంథిడ్‌లు, మష్రూమ్‌లు, ఒక లెదర్ పగడం. ఇసుక శుభ్రంగా ఉండాలంటే సముద్ర దోసకాయను తెచ్చుకోమని చాలామంది సలహా ఇస్తారు. అదీ అదే షెడ్యూలులో ఉంది. కాబట్టి ఆ ఊసు లేదు.

ఫిబ్రవరి 15, 7వ రోజు

నాన్న బాపట్ల నుంచి వస్తూ ఒక కవరులో కిలో ఇసుక తెచ్చారు. సూర్యలంక బీచ్‌ది. "సముద్రపు చేపలకు సముద్రపు ఇసుక పనికిరాకపోవడం ఏమిటమ్మా, డబ్బు పోసి సంచులు కొనడం ఎందుకు?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. వంటింటి గట్టు మీద ఇద్దరం కలిసి పరీక్ష పెట్టాం.

రెండు స్టీలు గిన్నెలు తీసుకుని ఒకదానిలో సూర్యలంక ఇసుక, ఇంకోదానిలో నేను కొన్న అరగొనైట్ ఇసుక చెంచాడు చొప్పున వేశాను. రెండింటి మీదా వెనిగర్ పోశాను. అరగొనైట్ గిన్నెలో సన్నటి చుయ్‌మనే శబ్దంతో నురుగు లేచింది. అది కాల్షియం కార్బొనేట్ కాబట్టి ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదులుతుంది. నాన్న తెచ్చిన ఇసుకలో గవ్వ ముక్కల చుట్టూ మాత్రం నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయాయి. మిగిలినదంతా చలించలేదు. తర్వాత అయస్కాంతాన్ని పలుచటి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ ఇసుకలో తిప్పాను. పైకి తీసేసరికి దాని చుట్టూ నల్లటి రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఇనుము కలిసిన ఖనిజాలు అవి. నాన్న వాటిని వేలితో అటూ ఇటూ వంచి చూసి, "సరే, నీ ఇసుకే పోసుకో" అన్నారు. ఆయన తెచ్చిన ఇసుకను గాజు సీసాలో పోసి పుస్తకాల అలమరాలో పెట్టాను.

నేను కొన్నది 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువుల ఇసుక, 18 కిలోలు. పంచదార కంటే సన్నటి ఇసుక చూడటానికి అందంగా ఉంటుంది కానీ వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) విసురుకు లేచిపోయి ఒక మూల కుప్పపడి ఇంకో మూల గాజు బయటపడుతుంది. మరీ లావు రేణువులైతే సందుల్లోకి మేత జారి అక్కడే కుళ్లుతుంది. ఈ మధ్యస్థపు సైజు నా వాడకానికి తగినది.

పగడపు తీరాల్లో కనిపించే తెల్లటి ఇసుకలో చాలా భాగం చిలుక చేపల కడుపులోంచి వచ్చిందే. అవి నాచు కోసం రాతిని ముక్కుతో కొరికి, గొంతులో పిండి చేసి, మేత ఉంచుకుని రాతిపొడిని వదిలేస్తాయి. ఒక పెద్ద చేప ఏడాదికి వందల కిలోల ఇసుకను ఇలా తయారు చేస్తుంది. ఈ సంగతి చెబితే నాన్న ఇంకో కప్పు కాఫీ అడిగి మొత్తం విన్నారు.

ఫిబ్రవరి 16, 8వ రోజు

ఇసుక కడగడానికి పొద్దున్న ఏడింటికి మొదలుపెడితే పదిన్నర అయింది. బకెట్‌లో మూడేసి కిలోలు పోసి, చేయి మోచేతి దాకా దింపి కలియబెట్టి, పై నీళ్లు వంచేయడం. మొదట బియ్యం కడుగు నీళ్లలా చిక్కటి తెలుపు. ఎనిమిదో తొమ్మిదో సారికి అడుగున నా గోళ్లు కనిపించాయి. ఆఖరిసారి మాత్రం ఆర్‌ఓ నీళ్లతో జాడించాను.

రాళ్లను నేరుగా అడుగు గాజు మీద నిలబెట్టి, ఆ తర్వాతే వాటి చుట్టూ ఇసుక పరిచాను. ఇసుక మీద రాయి పెడితే దాని కింద చిక్కుకున్న ఇసుకకు నీటి కదలిక అందదు. పైగా తవ్వే జీవాలు ఉంటే రాయి ఒరుగుతుంది. మందం 3 సెంటీమీటర్లు వచ్చింది. 10 సెంటీమీటర్లకు పైగా మందంగా పోసి, అడుగున ఆక్సిజన్ లేని పొరలో నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే బ్యాక్టీరియాను పెంచే పద్ధతి కూడా ఉంది. ఆ లోతులో మురికి చేరితే ఏమవుతుందో నా ముక్కుకు తెలుసు. నేను పలుచటి పొరతోనే ఉంటాను.

నీళ్ల లెక్క: మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) 780. జలమండలి నల్లా నీళ్లది 240. వంటింటి ఆర్‌ఓ దాటాక 38. దాని వెనక, మిగిలిన లవణాలను పట్టే డీఐ రెజిన్ గొట్టం తగిలించాక 0. సముద్రం ఇక్కడికి 300 కిలోమీటర్ల దూరం కాబట్టి ఉప్పు మిశ్రమమే దిక్కు. లీటరుకు 36 గ్రాముల చొప్పున కలిపితే నాకు లవణీయత 35 దగ్గర నిలిచింది.

మార్చి 9, 29వ రోజు

అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10. అంటే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుక మీద కుదురుకుంది. రెండు క్లౌన్ చేపలు వచ్చాయి.

మార్చి 21, 41వ రోజు

ఇసుక మీద గోధుమరంగు పొడి. కాఫీ పొడి చల్లినట్టు ముందు గాజు వైపు మొదలై రెండు రోజుల్లో అంతటా పరుచుకుంది. వేలితో విసిరితే దుమ్ములా లేస్తుంది, జిగురు లేదు. ఇవి డయాటమ్‌లు, ఒంటికణపు సూక్ష్మ నాచు. వాటి గుల్ల సిలికాతో కట్టుకున్నది కనుక కొత్త ట్యాంకులో సిలికేట్ ఉన్నంతకాలం పెరుగుతాయి. డీఐ రెజిన్ అరిగిపోయేటప్పుడు ముందుగా జారిపోయేది కూడా సిలికేటే. మీటరు ఇంకా సున్నా చూపిస్తూ ఉండగానే అది దాటి వచ్చేస్తుంది.

ఇసుకను ఏమీ చేయలేదు. పన్నెండు సెరిత్ నత్తలు, ఎనిమిది నస్సారియస్ నత్తలు తెచ్చి వదిలాను. సెరిత్‌లు పొరను నాకుతూ తిరుగుతాయి. నస్సారియస్‌లు నాచు ముట్టవు, మిగిలిపోయిన మేతే వాటి తిండి. పగలంతా ఇసుకలో పూడుకుని ఉంటాయి. గడ్డకట్టిన మేత రొయ్య (మైసిస్) ఒకటి కరిగించి వేస్తే పది లెక్కపెట్టేలోగా ఇసుక అక్కడక్కడా ఉబ్బి, ఏనుగు తొండం లాంటి గొట్టం పైకి వస్తుంది, దాని వెనక నత్త. అవి లేచే ప్రతిసారీ ఇసుక తిరగబడుతుంది. నాకు ఇంతకంటే నమ్మకమైన పనివాళ్లు లేరు.

గోబీ చేపను తెచ్చుకోమని దుకాణంలో గట్టిగా చెప్పారు. నోటినిండా ఇసుక తీసుకుని మొప్పల్లోంచి జల్లించే చేప అది. ఇసుకను మల్లెపువ్వులా ఉంచుతుందన్నది నిజమే. కానీ అది జల్లించేది కడుపు కోసం. మూడడుగుల ట్యాంకు ఇసుకలోని చిన్న జీవాలు దానికి కొద్ది వారాల తిండి మాత్రమే, తర్వాత చాలా గోబీలు చిక్కి చచ్చిపోతాయి. చేపను చీపురుగా కొనడం నాకు ఇష్టం లేదు.

ఏప్రిల్ 9, 60వ రోజు

డయాటమ్‌లు వాటంతట అవే పోయాయి. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు 29.5 డిగ్రీలు. నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాను. ఇక్కడి వేసవి గాలి పొడిగా ఉంటుంది కనుక ఆవిరై పోవడంతోనే 27కు దిగింది. రోజుకు ఐదు లీటర్లు ఆవిరవుతోంది, ఆ మేరకు మంచినీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు.

ఏప్రిల్ 27, 78వ రోజు

వచ్చేసింది. ఎడమ వెనక మూలన, పెద్ద రాయి నీడలో, అరచేతి వెడల్పున ముదురు ఎరుపు పొర. మధ్యాహ్నానికి దాని మీద బుడగలు. చివర పట్టుకుని లాగితే తడిసిన కాగితంలా మొత్తంగా లేచి వస్తుంది. సయనోబాక్టీరియా.

దీని మీద నాకు కోపం ఎంత ఉన్నా గౌరవం కూడా ఉంది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలోకి ఆక్సిజన్ చేరడం మొదలైంది దీని పూర్వీకుల వల్లే. మనం పీల్చే గాలికి మూలం ఇది. అయినా నా ఇసుక మీద వద్దు.

ఎందుకు వచ్చిందో వెతికాను. మేతను నలిపి పొడి చేసి చిటికెడు నీళ్లలో వదిలి ఎక్కడ దిగుతుందో చూశాను. సరిగ్గా ఆ మూలనే. నీరు కదలని చోటు అది. గత వారం సాయంత్రపు గాలివానకు మూడు గంటలు కరెంటు పోయింది, వేవ్‌మేకర్లు ఆగిపోయాయి. వేడి నీటిలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువ. ఫాస్ఫేట్ 0.25 చూపించింది, నేను అనుకున్న 0.1 కంటే రెండున్నర రెట్లు.

మే 4, 85వ రోజు

ఈ రోజు చేసింది పెద్ద పొరపాటు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఎర్రపొర వారంలో సగం ఇసుకను కప్పేసింది. పొద్దున్నే చూడగానే పాత ట్యాంకు గుర్తొచ్చి మనసు నిలవలేదు. చేపల్ని బకెట్‌లోకి మార్చి, ఇసుక మొత్తం మగ్గుతో తోడేసి, బాల్కనీలో నల్లా కింద పెట్టి కడిగాను. మెరిసిపోయేదాకా కడిగాను. మధ్యాహ్నానికి తిరిగి పరిచాను. ఫోటో తీస్తే పాలపొడిలా ఉంది.

రాత్రి ఎనిమిదింటికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అమ్మోనియా 0.5. మూడు నెలలుగా ఆ ఇసుక రేణువుల మీద పెరిగిన బ్యాక్టీరియాను నల్లా నీటి క్లోరిన్‌తో నేనే చంపేశాను. చచ్చిన పురుగులూ వాటి మురికీ తోడయ్యాయి. 60 లీటర్ల నీళ్లు మార్చి, ఒంటిగంట దాకా కూర్చున్నాను. చేపలు దక్కాయి. ఐదు సెరిత్ నత్తలు దక్కలేదు.

మే 18, 99వ రోజు

అమ్మోనియా 0కు వచ్చింది. ఎర్రపొర మళ్లీ రాకూడదని ఫాస్ఫేట్‌ను పట్టే ఇనుప ఆక్సైడ్ గుళికలను ఫిల్టర్‌లో వేశాను. సంచి మీద రాసిన కొలతకు రెట్టింపు. లైటు పది గంటల నుంచి ఏడుకు తగ్గించాను. ఒక వేవ్‌మేకర్‌ను వెనక మూలకు తిప్పి, రెండింటినీ ఇన్వర్టర్‌కు కలిపాను. ఎర్రపొరను చంపడానికి ఎరిత్రోమైసిన్ వాడేవాళ్లు ఉన్నారు. అది యాంటీబయాటిక్, ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న ఇసుకలో నేను వేయను.

జూన్ 14, 126వ రోజు

నాలుగు వారాలుగా ఇసుక తెల్లగా ఉంది. నైట్రేట్ 0. ఫాస్ఫేట్ 0. వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. జోవాంథిడ్‌లు మాత్రం సగమే విచ్చుకుంటున్నాయి. లెదర్ పగడం రంగు పాలిపోయింది.

జూన్ 24, 136వ రోజు

మళ్లీ గోధుమరంగు. డయాటమ్‌లే తిరిగి వచ్చాయనుకున్నాను. కానీ ఇవి పొద్దున్న లేవు, మధ్యాహ్నానికి చిక్కగా ఉన్నాయి, లైటు ఆరిపోయిన గంటకు సగం మాయం. సన్నటి తీగలు సాగి వాటి కొసన బుడగ నిలుస్తోంది. జలుబు చేసిన పిల్లవాడి ముక్కులా ఉందని అమ్మ అంది. వర్ణనకు ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

జూన్ 29, 141వ రోజు

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేశాను. సిరంజితో కాస్త జిగురు తీసి, చిన్న సీసాలో ట్యాంకు నీళ్లతో కలిపి, తీగలన్నీ విడిపోయేదాకా గట్టిగా కుదిపాను. టిష్యూ కాగితంలో వడకట్టాను. కిందికి దిగిన నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. ఆ గ్లాసును లైటు కింద పెట్టి గంట తర్వాత చూస్తే, తేట నీళ్లలో మళ్లీ చిన్న గోధుమరంగు ముద్ద కట్టింది. డయాటమ్‌లు ఇలా తిరిగి కూడుకోవు.

అక్క డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది, ఇంట్లో సొంత మైక్రోస్కోపు ఉంది. సీసా పట్టుకుని సాయంత్రం వెళ్లాను. అక్క స్లైడు మీద ఒక చుక్క వేసి, 400 రెట్లకు తిప్పి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పక్కకు జరిగి, "ఇది నాచు కాదే, చూడు, ఈదుతోంది" అంది.

కన్ను ఆనించాను. బంగారు గోధుమరంగు కోడిగుడ్డు ఆకారాలు, కాస్త చదునుగా, ఒక కొసన చిన్న ముక్కు. ఇసుక రేణువు అంచు వెంట జారుతూ, ఆగుతూ, దిక్కు మార్చుకుంటూ పోతున్నాయి. డైనోఫ్లాజెల్లేట్‌లు (పొట్టిగా డైనోలు), తోకల్లాంటి పోగులతో ఈదే ఒంటికణపు జీవులు. ఆంఫిడినియం జాతి. ఇందులో ఇంకో జాతి ఆస్ట్రియాప్సిస్, నీటిబొట్టు ఆకారంలో ఉండి, గానుగెద్దు రాట చుట్టూ తిరిగినట్టు ఒక్కచోటే గుండ్రంగా తిరుగుతుంది. అది రాత్రిపూట నీళ్లలోకి లేస్తుంది కనుక, నీళ్లలోని సూక్ష్మజీవుల్ని చంపే యూవీ దీపానికి దొరుకుతుంది. దాని విషానికి నత్తలు చస్తాయి. నాకు వచ్చినది ఇసుకను వదలదు, రాత్రి రేణువుల సందుల్లోకి దిగిపోతుంది. యూవీ కొన్నా ప్రయోజనం లేదు. చూడకుండా కొని ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది.

"నీ నీళ్లలో నైట్రేట్ ఎంత?" అని అడిగింది అక్క. సున్నా అన్నాను. "ఫాస్ఫేట్?" అదీ సున్నా. "మరి మిగతావన్నీ ఏం తిని బతకాలి?"

సమాధానం ఆ ప్రశ్నలోనే ఉంది. నీళ్లలో పోషకాలు పూర్తిగా ఎండిపోతే డయాటమ్‌లు, మామూలు నాచు, బ్యాక్టీరియా అన్నీ వెనకబడతాయి. డైనోలలో చాలావాటికి వెలుతురుతో బతకడమే కాక ఇతర సూక్ష్మజీవుల్ని మింగి బతకడమూ తెలుసు. పోటీ లేని నేల వాటికి దొరికింది. ఆ నేలను కడిగి, ఎండగట్టి, చదును చేసి ఇచ్చింది నేనే.

జులై 6, 148వ రోజు

చేస్తున్నవి ఇవి. ఇనుప గుళికలు తీసేశాను. నీళ్లు మార్చడం ఆపాను. ఇసుకను తాకడం ఆపాను, ఇదే అన్నింటికంటే కష్టంగా ఉంది. మేత రోజుకు రెండుసార్లు. స్కిమ్మర్ (నురుగుతో మురికిని లాగేసే పరికరం) రాత్రిపూట మాత్రమే. తార్నాకలో ఉండే స్నేహితురాలి ట్యాంకుకు ఆరేళ్లు, ఆమె ఇసుకలోంచి రెండు కప్పులు పురుగులతో సహా ఇచ్చింది. ఇంటికి తెచ్చి తెల్ల పళ్లెంలో పోసి లెన్సుతో చూశాను: దారప్పోగుల్లాంటి మీసాలు చాచే పురుగులు, వంకర వీపు ఆంఫిపాడ్‌లు, చుక్కల్లాంటి కోపెపాడ్‌లు. నల్లాకింద నేను చంపేసినవి ఇవే అయి ఉంటాయి.

సోడియం సిలికేట్‌ను బాగా పలుచన చేసి, రోజూ కొద్ది చుక్కలు, కిట్టుతో కొలుస్తూ వేస్తున్నాను. మార్చిలో ఎవరిని చూసి విసుక్కున్నానో ఆ డయాటమ్‌లే ఇప్పుడు రావాలి. ఇసుక మీద చోటు కోసం ఆంఫిడినియంతో పోటీ పడగలిగేవి అవే. ఆ ద్రావణం క్షారం, చేతికి తొడుగు లేకుండా ముట్టకూడదు.

జులై 20, 162వ రోజు

వీధిలో బోనాల డప్పులు. ఇంటినిండా చుట్టాలు. ట్యాంకు ముందు నిలబడి అందరూ అడుగుతున్నారు, ఇసుక ఇలా ఉందేమిటని. మందు వేస్తున్నానని చెప్పాను.

నైట్రేట్ 6. ఫాస్ఫేట్ ఇంకా 0. రెండు వారాలు ఇంత మేత వేసినా ఎందుకు పెరగదని ఆలోచిస్తే అర్థమైంది. అరగొనైట్ తన ఉపరితలం మీద ఫాస్ఫేట్‌ను అంటించుకుంటుంది. గుళికలతో నేను దాని జేబులు కూడా ఖాళీ చేశాను. ఇసుక, రాళ్లు తమ వంతు తీసుకున్నాకే నీళ్లలో కనిపిస్తుంది. ఓపిక పట్టాలి.

ఆగస్టు 17, 190వ రోజు

ఫాస్ఫేట్ 0.05, నైట్రేట్ 8. పది రోజులుగా తీగలు లేవు. ఇసుక మీద పలుచటి పసుపు గోధుమ పొడి, విసిరితే దుమ్ములా లేచేది. డయాటమ్‌లు. అక్క స్లైడు చూసి, పడవ ఆకారపు గాజు గుల్లల్ని లెక్కపెట్టి, ఈదేవి రెండే కనిపించాయని చెప్పింది. సిలికేట్ ఆపేశాను. కొత్తగా పది సెరిత్ నత్తలు. జోవాంథిడ్‌లు ఏప్రిల్ తర్వాత మొదటిసారి పూర్తిగా విచ్చుకున్నాయి. ఒక్కో ముఖం చుట్టూ ఆకుపచ్చ అంచు, మధ్యలో నారింజ. పావుగంట అలా చూస్తూ ఉండిపోయాను.

సెప్టెంబర్ 14, 218వ రోజు

ఇసుక శుభ్రం చేయడం నెల కిందట మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి పద్ధతి వేరు. గాజు బయట, ఇసుక అంచు కింద మార్కర్‌తో మూడు గీతలు గీసి నేలను నాలుగు భాగాలు చేశాను. వారానికి ఒక భాగం. మిగతా మూడూ ఆ వారం నావి కావు. ఒక భాగంలో ఏం పోయినా పక్క భాగాల నుంచి బ్యాక్టీరియా, పురుగులు నడిచి వచ్చి నింపుతాయి. ఒక నెలకు మళ్లీ అదే భాగం వంతు వస్తుంది, అప్పటికి అది పూర్తిగా కోలుకుని ఉంటుంది.

చేతిలో పని ఇలా ఉంటుంది. రాణీగంజ్‌లో కొన్న పారదర్శకమైన గొట్టం, లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు. చివర వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టం ముక్క. నేల మీద 18 లీటర్ల బకెట్. గొట్టంలో నీళ్లు పారడం మొదలవగానే వెడల్పు ముక్కను ఇసుకలోకి సెంటీమీటరు మాత్రం దించుతాను. ఇసుక లోపలికి లేచి, మరుగుతున్న ఎసట్లో బియ్యంలా సుడి తిరుగుతుంది. ఆ సుడిలోంచి బూడిదరంగు పొగలా మురికి విడివడి పైకి పోతుంది. ఇసుక కూడా దాని వెంట గొట్టంలోకి ఎక్కబోయే క్షణంలో బొటనవేలితో గొట్టాన్ని సగం నొక్కాలి. పారుదల మందగించి ఇసుక వెనక్కి జారి పడుతుంది, మురికి వెళ్లిపోతుంది. వదలాలి, పక్కకు జరగాలి, మళ్లీ దించాలి. నొక్కడం, వదలడం చేతికి పట్టుబడ్డాక కళ్లు గొట్టం మీదే ఉంటే చాలు. మొదటి వారం కిలో ఇసుక బకెట్‌లోకి పోయింది. ఇప్పుడు గుప్పెడు కూడా పోదు.

బకెట్ నిండితే పని ఆపాలి. ఎంత మురికి మిగిలినా సరే. అంతకంటే ఎక్కువ నీళ్లు తీయకూడదు కాబట్టి ఆ బకెట్టే నాకు హద్దు. దానికి బదులు పోసే 18 లీటర్ల ఉప్పునీళ్లు ముందు రోజే కలిపి, 650 గ్రాముల ఉప్పుతో, పంపు తిప్పి ఉంచుతాను.

రాళ్ల వెనక, గొట్టం పోని చోట, పెద్ద సిరంజితో నీటి జల్లు కొట్టి మురికిని లేపుతాను. లేచినదాన్ని ఫిల్టర్ సంచి పట్టుకుంటుంది. రెండు గంటల తర్వాత సంచి తీసి ఉతకాలి, లేకపోతే మురికి మళ్లీ నీళ్లలోకే కరుగుతుంది. వేవ్‌మేకర్ల దిక్కును నెలకోసారి కొద్దిగా మారుస్తున్నాను, నీరు కదలని మూల ఎప్పుడూ ఒకటే కాకుండా.

గాజుకూ ఇసుకకూ మధ్య, బయటి నుంచి కనిపించే పచ్చటి ఊదా గీత ఒకటి ఉంటుంది. గడువు తీరిన ఏటీఎం కార్డును నిలువుగా దించి గీకితే పోతుంది. అయస్కాంతపు తుడుపును అక్కడ వాడవద్దు. ఒక్క ఇసుక రేణువు దానికి గాజుకూ మధ్య ఇరుక్కుంటే గీత పడుతుంది, ఆ గీత పోదు. మా ట్యాంకు కుడి వైపున జానెడు గీత ఉంది, మేలో నేను ఆత్రంగా తుడిచిన గుర్తు. ఇసుకకు నాలుగు వేళ్ల ఎత్తు పైన ఆపేయడం మంచిది.

అక్టోబర్ 19, 253వ రోజు

నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06. మేలో తీసిన ఫోటో పక్కన పెడితే ఇప్పటి ఇసుక అంత తెల్లగా లేదు. మీగడరంగులో ఉంది. వెనక వరసలో అక్కడక్కడా పచ్చటి చుక్కలు, నత్తలు నడిచిన గీతలు, రేణువుల మధ్య పురుగుల సన్నటి దారులు. ఎడమ మూలన గోరంత ఎర్రపొర వారం కిందట కనిపించింది. ఆ ఒక్క చోట గొట్టంతో లాగేసి, వేవ్‌మేకర్‌ను వేలెడు దూరం అటు తిప్పాను. తిరిగి రాలేదు.

రాత్రి పదకొండింటికి లైట్లు ఆరాక ఎర్రటి కాగితం చుట్టిన టార్చితో చూశాను. తార్నాక నుంచి వచ్చిన పురుగులు ఇసుకలోంచి తెల్లటి దారాలు బయటికి చాచి, రేణువుల్ని ఒక్కొక్కటిగా తడుముతున్నాయి. ఒక దారం క్లౌన్ చేప వదిలేసిన మేత తునకను అందుకుని నెమ్మదిగా లోపలికి లాక్కుంది. అమ్మను నిద్ర లేపి చూపించాను. కుర్చీ తెచ్చుకుని కూర్చుంది.

ఈ వారం మూడో భాగం వంతు. ఉప్పునీళ్లు కలిపి ఉన్నాయి, 35 చూపిస్తోంది. బకెట్ వేడి 24 డిగ్రీల దగ్గర ఉంది, 26కు రాగానే గొట్టం దించుతాను.